హెచ్‌ఆర్ సర్టిఫికెట్ ఉంటే హనుమకొండలో జీతం పెరుగుతుందా?

మూడేళ్లుగా హనుమకొండలో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌గా ఉన్నా జీతం 22 వేల దగ్గరే ఆగిపోయిందనీ, అమెరికా హెచ్‌ఆర్ సంఘం ఎస్‌హెచ్‌ఆర్‌ఎం పెట్టే పరీక్ష రాస్తే పెరుగుతుందా అనీ అడిగారు. నేను వరంగల్ పరిసరాల్లోనే పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నా మటుకు మొదటి పెంపు సర్టిఫికెట్ రాకముందే, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) లెక్క వల్ల వచ్చింది.

అప్పట్లో మా ఫ్యాక్టరీ జీతాల పట్టీని బయటి కన్సల్టెంటు తయారుచేసేవారు. ఎవరి జీతమైనా ఈఎస్‌ఐ పరిమితి అయిన 21,000 దాటగానే ఆయన చందా ఆపేసేవారు. కానీ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అనే రెండు చందా కాలాల్లో మధ్యలో పరిమితి దాటినవారికి, ఆ కాలం ముగిసేదాకా పూర్తి జీతం మీద ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం కట్టవలసిందే. జులైలో 21,600కు పెరిగిన ఒక ఆపరేటర్ పేస్లిప్‌ను చలాన్ పక్కన పెట్టి చూస్తే, నెలకు 864 రూపాయల చొప్పున మూడు నెలలది కట్టలేదని తేలింది. సమయానికి కోయని ఉద్యోగి వాటా కూడా యజమాని నెత్తినే పడుతుంది కాబట్టి, అలాంటి పేర్లన్నీ ఏరి ఒక కాగితం మీద రాసుకొని ఎండీ గారి దగ్గరికి వెళ్లాను. ఆ ఏడాది నాకు 4,500 పెరిగింది.

తర్వాతే ఆ సంఘం ఇచ్చే ఎస్‌హెచ్‌ఆర్‌ఎం-సీపీ సర్టిఫికెట్ పూర్తిచేశాను. హైదరాబాద్ కంపెనీల ఇంటర్వ్యూలకు అది పనికొచ్చింది, ఇక్కడి యజమాని ఒకరు మాత్రం "ఇది ఎంబీఏ లాంటిదా అమ్మా?" అని అడిగారు. మూడేళ్లకోసారి, శిక్షణల వంటివాటితో సంపాదించే 60 క్రెడిట్లు చూపి దాన్ని నిలుపుకోవాలి, ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోండి. పీహెచ్‌ఆర్ అనే ఇంకో హెచ్‌ఆర్ సర్టిఫికెట్ జోలికి వెళ్లకండి, అది అమెరికా కార్మిక చట్టాల చుట్టూ తిరిగే పరీక్ష.

న్యాయమైన జీతం సంగతి ఇంతకన్నా చిక్కుది. అందరి జీతాలూ మన చేతుల మీదుగానే వెళ్తాయి. నాకంటే రెండేళ్లు జూనియర్ అయిన మగ సహోద్యోగికి అదే పనికి 6,000 ఎక్కువ ఇస్తున్నారని నాకు ఆ పట్టీలోనే కనిపించింది. ఒకే పనికి స్త్రీ పురుషులకు ఒకే వేతనమని 1976 నాటి చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా చెప్పింది. అయినా ఆయన అంకెను నేను బయటపెట్టలేదు, ఎందుకంటే గోప్యత కాపాడవలసిన మనిషిని నేనే. ప్రతి హోదాకూ కనిష్ఠ, గరిష్ఠ జీతాలు రాతపూర్వకంగా ఉండాలని పట్టుబట్టాను. అందుకు పద్నాలుగు నెలలు పట్టింది, తేడా సగమే తగ్గింది; ఆ చేదు నాకింకా పోలేదు.

పరీక్ష ఫీజు కట్టేముందు మీ నియామక పత్రం తీసి చూడండి. ఆ 22 వేలు సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అయితే, అందులో యజమాని పీఎఫ్ వాటా (15,000 పరిమితి మీద 12 శాతమంటే 1,800), గ్రాచ్యుటీ కలిపారేమో చూసుకోండి. కలిపి ఉంటే మీ అసలు జీతం 20 వేలకు అటూ ఇటూగానే ఉంటుంది, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.