పట్నం చూపించబోతున్న బిడ్డకు

బిడ్డా,

అల్లుడికి సెలవు దొరకలేదని, అత్తమ్మను, మామయ్యను, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని నువ్వొక్కదానివే మూడు రోజులు హైదరాబాద్ పట్నం చూపిస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. జూబ్లీ బస్టాండులో బస్సు దిగి నా కొంగు వదలకుండా నడిచిన పిల్లవి, ఇప్పుడు నలుగురికి దారి చూపిస్తానంటే కళ్లు నిండాయి. ఆ తర్వాత నువ్వు పంపిన లిస్టు చూశాను. శుక్రవారం ఒక్కరోజే జూ, సాలార్‌జంగ్, చౌమహల్లా, చార్మినార్, ఆఖర్న గోల్కొండ! అచ్చం మీ బాపు బిడ్డవే.

చూడాల్సినవి తర్వాత, ముందు సెలవులు రాసుకో. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం తెరవరు, చౌమహల్లా ప్యాలెస్ తెరవరు. మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు, చార్మినార్ చుట్టూ కాలు పెట్టే సందు ఉండదు. జూకు సోమవారం సెలవు. బిర్లా మందిరం మధ్యాహ్నం పూట మూసేస్తారు. ఈ నాలుగు ముక్కలు చాలు, నీ శుక్రవారం సగం కొట్టేయొచ్చు.

ఇక గోల్కొండ. నీకప్పుడు నాలుగేళ్లు, గుర్తుండదు. మీ బాపు కూడా దాన్ని సాయంత్రానికే పెట్టాడు. కాగితం మీద కిలోమీటర్లు రాసుకుని, చార్మినార్ నుంచి పదకొండే కదా, అరగంటలో పోతాం అన్నాడు. కిలోమీటర్లు కాదు బిడ్డా టైము తినేది. ఆటో మాట్లాడుకోవడానికి పది నిమిషాలు, టికెట్ లైనులో పదిహేను, బ్యాగులిచ్చి టోకెన్ తీసుకోవడానికి ఐదు, ఐదుగురు బాత్రూమ్‌కు వెళ్లి వచ్చేసరికి ఇరవై. చోటుకు యాభై నిమిషాలు, నాలుగు చోట్లకు మూడు గంటల ఇరవై నిమిషాలు. ప్రయాణం ఇందులో కలపలేదు. మీ బాపు లెక్కలో వీటికి ఒక్క నిమిషం లేదు. అందుకని కోట గేటు దగ్గరికి చేరేసరికి నాలుగుంబావు అయ్యింది. మూసే టైము దగ్గరపడుతోందని అందరినీ తరిమినట్టు ఎక్కించాడు. పైదాకా సుమారు 360 మెట్లు. పగలంతా కాగిన రాళ్లు ఆ వేళకు సెగ కక్కుతుంటాయి. పడమటి ఎండ ముఖాన కొడుతుంది. మీ అమ్మమ్మ ఎక్కింది, ఎక్కడం ఆమెకు పెద్ద కష్టం కాలేదు. దిగేటప్పుడే వచ్చింది ముప్పు. ఆ మెట్లు ఒక్క కొలతలో ఉండవు, ఒకటి జానెడుంటే ఇంకొకటి మోకాలి దాకా ఉంటుంది. అంచులు అరిగి నున్నబడ్డాయి. పొద్దు వాలితే ఏది మెట్టో ఏది నీడో తెలియదు. కింద కావలి వాళ్లు ఈలలు వేస్తున్నారు, వెనక జనం తోస్తున్నారు. చెప్పు జారి మడమ మెలిపడింది. రెండు నెలలు మంచం దిగలేదు. ఆ తర్వాత ఎప్పుడు మెట్లు కనబడ్డా గోడ వెతుక్కునేది, మా అమ్మ.

మీ బాపును ఇప్పుడనేం లాభం. నువ్వు మాత్రం కోటను పొద్దున్నే పెట్టుకో. శుక్రవారం ఏడున్నరకే మా ఇంటి నుంచి కదలండి. గోల్కొండకు మెట్రో లేదు. ఆటోలో లక్డీకాపూల్, మాసబ్‌ట్యాంక్, మెహదీపట్నం మీదుగా పోవాలి, ఆఫీసుల రద్దీ మొదలైతే మెహదీపట్నంలోనే గంట పోతుంది. తొమ్మిదికి కోట దగ్గరుంటే పదకొండున్నరకల్లా దిగిపోవచ్చు. మనిషికి లీటరు నీళ్లు, కాళ్లకు బూట్లు. హవాయి చెప్పులు వద్దంటే వద్దు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు కదా, ఆమెను పైకి లాగకు. లోపలికి రాగానే కనబడే గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ కొన మీది బాలాహిస్సార్ మండపం దాకా వినిపిస్తుంది. పిల్లలు పైకి చేరాక ఫోన్ చేయించు, కింద ఆమె చప్పట్లు కొడుతుంది. పిల్లలకు అంతకంటే ఏం కావాలి. దిగేటప్పుడు పైలం. నువ్వు ముందుండు, పిల్లలు వెనక.

మధ్యాహ్నం ఇంట్లో పడుకోండి. సాయంత్రం బిర్లా మందిరం, అక్కడి నుంచి లుంబినీ పార్కు, పడవలో బుద్ధుడి దగ్గరికి. గుడిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, కౌంటర్లో ఇచ్చిపోవాలి. తప్పిపోతే ఎక్కడ కలవాలో చెప్పులు విడిచే చోటే అందరికీ చెప్పు.

శనివారం పాతబస్తీ. చిక్కడపల్లిలో గ్రీన్ లైన్ ఎక్కితే మూడో స్టేషన్ ఎంజీబీఎస్. మెట్రో చార్మినార్ దాకా పోదు, అక్కడి నుంచి ఆటోనే. పదింటికి సాలార్‌జంగ్ తెరవగానే లోపలికి పోండి. అన్ని గదులూ చూడాలని పట్టుబట్టకు, అత్తమ్మ కాళ్లు పోతాయి. ముసుగు రెబెక్కా బొమ్మ చూపించి, పన్నెండుకు పావుగంట ముందే సంగీత గడియారం ముందు కూర్చోండి. గంట గంటకూ ఒక చిన్న మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు, ఒంటిగంటకు పోతే ఒక్కటే. భోజనం చేసి ఎండ వేళంతా చౌమహల్లా నీడలో గడపండి. నాలుగింటికి చార్మినార్. పైకి 149 మెట్లు, మెలికలు తిరిగే ఇరుకు దారి. అత్తమ్మ, మామయ్య కింద ఇరానీ చాయ్ దగ్గర ఉంటారు. తర్వాత లాడ్ బజారు. అక్కడ పిల్లల చెయ్యి వదలొద్దు, నీ నంబరు రాసిన చీటీ ఇద్దరి జేబుల్లోనూ ఉండాలి. ఉట్టి చీటీ చెమటకు నానుతుంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టు. లక్క గాజులకు చెప్పిన ధర ఇవ్వకు.

ఆదివారం జూ. 380 ఎకరాలు, నడిచి తిరగలేరు, బ్యాటరీ బండి ఎక్కండి. పొద్దున తెరవగానే పోతేనే జంతువులు లేచి తిరుగుతుంటాయి, జనమూ పల్చగా ఉంటుంది. రామోజీ ఫిల్మ్ సిటీ ఈసారికి వదిలెయ్, దానికే ఒక పూర్తి రోజు కావాలి.

సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం, నీకు, అత్తమ్మకు డబ్బులు తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తారు, ఆధార్ చేతిలో ఉంచుకో. మామయ్యకు టికెట్ కొనాల్సిందే.

మోకాలి పట్టీ సంచిలో పైనే పెట్టు. మా ఇంట్లో ఉన్నది నా సైజుది, అత్తమ్మకు వదులవుతుంది.

మీ పెద్దమ్మ