ఫైర్ అండ్ సేఫ్టీ అంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఒంగోలు కన్సల్టెన్సీ వాడికి ఇంకా డబ్బు కట్టలేదని అక్క ఫోన్‌లో చెప్పింది. మంచిది, కట్టొద్దు. ఆరు నెలల డిప్లొమా, దాని వెంటే కువైట్ వీసా, రెంటికీ కలిపి ఒకే ఫీజు అన్నాడని వినగానే నాకు అనుమానం తగిలింది. చదువు చెప్పేవాడు వేరు, మనుషుల్ని పరాయి దేశం పంపే లైసెన్సు ఉన్నవాడు వేరు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ మీద అప్పు తెచ్చి కడతానని మీ నాన్న అంటున్నాడట. ఈ ఉత్తరం ఆయనకు కూడా చదివి వినిపించు.

ఫైర్ అండ్ సేఫ్టీ అని బోర్డు మీద ఒకటే పేరు రాస్తారు గానీ లోపల మూడు ఉద్యోగాలున్నాయి. మంటలార్పే ఫైర్‌మన్ పని ఒకటి. సైట్లో పని అనుమతి పర్మిట్లు చూసి, పని మొదలెట్టే ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లు పెట్టి, ప్రమాదం జరిగితే రిపోర్టు రాసే సేఫ్టీ ఆఫీసర్ పని ఒకటి. స్ప్రింక్లర్ పైపు ఎంత సైజుండాలి, పంపు ఎన్ని నీళ్లు తోయాలి, పొగ ఎటు పోవాలి, జనం ఎంతసేపట్లో బయటపడాలి అని లెక్క కట్టే ఫైర్ ప్రొటెక్షన్ ఇంజినీర్ పని మూడోది. ఆరు నెలల డిప్లొమా వాళ్లు మూడింటినీ కలిపేసి చెబుతారు. చివరికి చేతికొచ్చేది చాలాసార్లు మొదటి రెంటిలో అడుగు మెట్టు ఉద్యోగం. నువ్వు మెకానికల్ బీటెక్‌వి. ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివినవాడివి పోయి గేటు దగ్గర హెల్మెట్లు లెక్కపెడతానంటే నాకు బాధగా ఉంటుంది. నీకు మూడోదే సరిపోతుందని నా అభిప్రాయం.

సేఫ్టీ ఆఫీసర్ పనిని తక్కువ చేయడం లేదు. దానికి చట్టమే అండ. పాత ఫ్యాక్టరీల చట్టంలో 1000 మంది పనివాళ్లుంటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి అని ఉండేది. 2020 నాటి కార్మిక భద్రతా కోడ్‌లో దాన్ని 500కు, ప్రమాదకరమైన ప్రాసెస్ ఉన్న ఫ్యాక్టరీల్లో 250కి దించారు. ఆ దారే నచ్చితే కొంత ఫ్యాక్టరీ అనుభవం వచ్చాక చెన్నై రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది డిప్లొమా చెయ్యి. వీధికొకటి వెలిసిన ఇన్‌స్టిట్యూట్ల సర్టిఫికెట్‌కూ దానికీ పోలికే లేదు. గల్ఫ్‌లో సేఫ్టీ ఉద్యోగానికి నెబాష్ అనే బ్రిటన్ సంస్థ ఇచ్చే ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్ అడుగుతారు. పుస్తకం తెరుచుకుని రాసే పరీక్షే కదా అని తేలిగ్గా తీసుకోకు. రాసింది నువ్వేనా అని తేల్చుకోవడానికి తర్వాత ఇంటర్వ్యూ కూడా ఉంటుంది.

ఇంటర్ తర్వాత నేరుగా ఈ చదువే చదవాలంటే నాగపూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో ఫైర్ ఇంజినీరింగ్ డిగ్రీ, కొచ్చి కుసాట్‌లో బీటెక్ సేఫ్టీ అండ్ ఫైర్ ఉన్నాయి. నీకు ఆ వయసు దాటింది, మీ చెల్లెలికి చెప్పు.

ఇక నీ సంగతి. వెంటనే విమానం ఎక్కాలన్న తొందర వదిలిపెట్టి రెండు మూడేళ్లు ఇక్కడే పని చెయ్యి. కృష్ణపట్నం చుట్టూ ఒకసారి తిరిగి చూడు. తనంతట తానే వేడెక్కి రాజుకునే బొగ్గు కుప్పలు, వాటి మీదుగా కన్వేయర్లు, పంటపాళెం వైపు వంటనూనె ట్యాంకులు, నేలటూరులో థర్మల్ కేంద్రం. ట్రాన్స్‌ఫార్మర్‌కు నీటి స్ప్రే కావాలి, నూనె ట్యాంకుకు నురగ కావాలి, కంట్రోల్ రూముకు గ్యాస్ కావాలి. ఒక్క ముత్తుకూరు మండలంలోనే ఇన్ని రకాల మంటలకు మందు నేర్చుకోవచ్చు. పెద్ద కంపెనీ ఐడీ కార్డు కోసం చూడకు. ఫైర్ సిస్టమ్స్ బిగించే కాంట్రాక్టర్ దగ్గర చేరు. జీతం తక్కువే, కానీ డ్రాయింగ్ నుంచి టెస్టింగ్ దాకా అన్నీ నీ చేతుల మీదుగా పోతాయి.

పంపు రూమును అసహ్యించుకోకు అబ్బయా. లైన్లో ప్రెషర్ నిలబెట్టే చిన్న జాకీ పంపు ఏ ప్రెషర్ దగ్గర లేస్తుంది, మెయిన్ పంపు ఎప్పుడు అందుకుంటుంది, కరెంటు పోతే డీజిల్ పంపు ఎలా లేస్తుంది, అన్నీ దగ్గరుండి చూడు. ఎన్‌ఎఫ్‌పీఏ అంటే అమెరికా అగ్ని భద్రతా ప్రమాణాలు. వాటిలో ఎన్‌ఎఫ్‌పీఏ 20 ప్రకారం పంపు రేటెడ్ ఫ్లోలో, అంటే దాని మీద రాసి ఇచ్చిన సామర్థ్యంలో, 150 శాతం నీళ్లు తోసేటప్పుడు కూడా ప్రెషర్ రేటెడ్‌లో 65 శాతానికి తగ్గకూడదు. డెలివరీ వాల్వు మూసి నడిపితే 140 శాతం దాటకూడదు. డీజిల్ పంపును వారానికోసారి 30 నిమిషాలు నడపాలని ఎన్‌ఎఫ్‌పీఏ 25లో ఉంది. గల్ఫ్ ఇంటర్వ్యూల్లో ఇవన్నీ అడుగుతారు. బట్టీ పట్టినవాడు అంకెలు గడగడా చెప్పేస్తాడు. "మీ సైట్లో రీడింగ్ ఎంత వచ్చింది? తక్కువొస్తే ఏం చేశారు?" అంటే నోరు పెగలదు. ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చున్నప్పుడు నేను ఈ రెండో ప్రశ్నతోనే మనిషిని తేల్చేవాణ్ణి.

రాత్రిళ్లు నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో అగ్ని భద్రత గురించిన నాలుగో భాగం చదువు. పక్కనే ఎన్‌ఎఫ్‌పీఏ 13 (స్ప్రింక్లర్లు), 72 (అలారంలు), 101 (ప్రాణభద్రత) పెట్టుకుని ఎక్కడ తేడా ఉందో రాసుకో. ఆటోక్యాడ్ వచ్చు కదా, రెవిట్ కూడా నేర్చుకో. మంట ఎలా పాకుతుందో మాత్రం నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆకు రాలి బ్యారన్ గొట్టం మీద పడితే ఎంతసేపట్లో కప్పు అందుకుంటుందో కందుకూరు వైపు పిల్లలకు పుస్తకం లేకుండానే తెలుసు.

చేసిన ప్రతి పనికీ కాగితం ఉంచుకో. ఏ ప్రాజెక్టు, నీ బాధ్యత ఏమిటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది లెటర్‌హెడ్ మీద సంతకంతో తీసుకో. ఉద్యోగం మానేశాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

కువైట్ విషయంలో అసలు చిక్కు నీ డిగ్రీ దగ్గరుంది. 2018లో అక్కడ ఇంజినీర్లకు కువైట్ సొసైటీ ఆఫ్ ఇంజినీర్స్ నుంచి ఎన్‌ఓసీ తప్పనిసరి చేశారు. వాళ్లు మన ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు ఉన్న కోర్సులనే ఒప్పుకోవడంతో చాలామంది మనవాళ్ల అకామా (నివాస పర్మిట్) రెన్యువల్ ఆగిపోయింది. కాలేజీ పేరున్నదైతే చాలదు, నీ బ్రాంచికి, నువ్వు చదివిన ఏళ్లకు ఎన్‌బీఏ ఉందా అన్నదే లెక్క. సౌదీకైతే సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజినీర్స్‌లో రిజిస్ట్రేషన్ కావాలి.

వీసా మీద ఏ ఉద్యోగం పేరుందో చూడకుండా పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు. "ముందు ఖాదిమ్ వీసా మీద దిగు, తర్వాత మార్పిస్తాం" అంటారు. కువైట్‌లో అది ఇంటిపనివాళ్ల ఆర్టికల్ 20, కంపెనీ ఉద్యోగానికి కావాల్సింది ఆర్టికల్ 18. స్పాన్సర్ ఒకడు, పని ఇంకెక్కడో అనే ఆజాద్ వీసా అన్నా, విజిట్ వీసా మీద పోయి వెతుక్కోమన్నా అక్కడితో మాట ఆపెయ్. పది దాటి చదివావు గనక నీ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉండదు, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అంటే నువ్వు పోయేముందు నీ కాంట్రాక్టు చూసే ఆఫీసరు కూడా ఎవరూ ఉండరు. నువ్వే చూసుకోవాలి. ఏజెంటు లైసెన్సు ఉన్నవాడో కాదో ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో కనిపిస్తుంది. వాడు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షల్లో అడిగినవాడు దేనికి అడుగుతున్నాడో నువ్వే ఆలోచించు. ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం చూసి మురిసిపోకు, బేసిక్ ఎంతో చూడు. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ ఇస్తారు. అలవెన్సులు ఎంతున్నా ఆ లెక్కలోకి రావు.

గల్ఫ్‌లో డబ్బు చేసుకోవచ్చు గానీ నీలాంటి ఉద్యోగస్తుడు ఎన్నేళ్లున్నా పరాయివాడే. స్థిరపడాలంటే వేరే దేశాలు చూడాలి. ఆస్ట్రేలియాకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా వాళ్లు నీ చదువును మదింపు చేస్తారు. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందం కింద ఎన్‌బీఏ టైర్ 1 (స్వయంప్రతిపత్తి కాలేజీలకిచ్చే గుర్తింపు) డిగ్రీ అయితే పని సులువు. అది లేకపోతే నీ ప్రాజెక్టుల్లో నువ్వేం చేశావో వివరిస్తూ మూడు కెరీర్ ఎపిసోడ్లు రాయాలి. కాగితాలు దాచమన్నది అందుకే. అక్కడి వీసా పాయింట్లలో వయసుకు ఎక్కువ మార్కులు 25 నుంచి 32 ఏళ్ల మధ్యే. గల్ఫ్‌లో ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అనుకుంటూ కూర్చుంటే అది దాటిపోతుంది.

బ్రిటన్‌లో 2017 జూన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది పోయారు. దాని తర్వాత 2022లో బిల్డింగ్ సేఫ్టీ చట్టం వచ్చింది. కనీసం ఏడంతస్తులు లేదా 18 మీటర్ల ఎత్తు ఉన్న నివాస భవనాల మీద నిఘా బాగా బిగించారు. ఫైర్ ఇంజినీర్ల అవసరం అక్కడ నిజంగానే ఉంది. అయితే విదేశీయులకు ఉద్యోగ వీసా ఇప్పించే స్పాన్సర్ లైసెన్సు ఉన్న కంపెనీ పిలిస్తేనే పోవాలి. ఆ కంపెనీల జాబితా వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్లోనే దొరుకుతుంది.

పైచదువు మనసులో ఉంటే ఘెంట్, లుండ్, ఎడిన్‌బరో యూనివర్సిటీలు కలిసి నడిపే ఫైర్ సేఫ్టీ ఇంజినీరింగ్ మాస్టర్స్ గురించి చదువు. అమెరికాలో మేరీల్యాండ్, వూస్టర్ పేరున్నవి, కానీ ఖర్చు మీ నాన్న భుజాలకు మించింది. కెనడా మాట తర్వాత చూద్దాం. అక్కడ ప్రావిన్సు లైసెన్సు లేకుండా ఇంజినీర్ అని పేరు పక్కన రాసుకోనివ్వరు.

శనివారం లోపు కాలేజీకి పోయి ఎన్‌బీఏ సంగతి, ఏ టైర్, ఏ ఏళ్లకు అన్నది కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి. ఆ ఒంగోలు వాడి లైసెన్సు నంబరు అడిగి చూడు, ఏం చెబుతాడో నాకూ వినాలనుంది. ముత్తుకూరులో తెలిసిన కాంట్రాక్టర్‌తో మాట్లాడి పెట్టాను. సోమవారం పొద్దున ఎనిమిదికల్లా సైట్లో ఉండమన్నాడు. సేఫ్టీ షూ నువ్వే కొనుక్కుని రా, మొదటి నెల వాళ్లు ఇవ్వరు.

ఇట్లు,
మీ మామ