డోపింగ్ చేసినా కావిటీ క్యూ ఎందుకు పెరగదు?

భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒకరు అడిగారు: నయోబియం కావిటీకి నైట్రోజన్ డోపింగ్ చేస్తే క్యూ బాగా పెరుగుతుందంటారు కదా, కొన్నిటిలో ఆ లాభం కనబడదేం? కావిటీ అంటే యాక్సిలరేటర్లలో కణాలను వేగంగా నెట్టే బోలు పాత్ర; దాన్ని చేసే నయోబియం లోహం అతిచలిలో అతివాహకం (నిరోధం దాదాపు లేనిది) అవుతుంది. అందులో నింపిన రేడియో తరంగాల శక్తి వేడిగా ఎంత తక్కువ పోతే క్యూ అంత ఎక్కువ. డోపింగ్ అంటే లోహంలోకి కాస్త నైట్రోజన్ ఇంకించడం.

చాలాసార్లు డోపింగ్‌లో లోపం ఉండదండీ. వచ్చిన లాభం చల్లార్చేటప్పుడు పోతుంది.

ముందు లెక్క చూడండి. 1.3 గిగాహెర్ట్జ్ తొమ్మిది సెల్స్ కావిటీకి జామెట్రీ ఫ్యాక్టర్ (ఆకారాన్ని బట్టి వచ్చే సంఖ్య) 270 ఓమ్‌లు. దాన్ని ఉపరితల నిరోధంతో భాగిస్తే క్యూ. 2 కెల్విన్ దగ్గర నిరోధం 10 నానోఓమ్‌లైతే క్యూ 2700 కోట్లు. అమెరికాలోని ఎక్స్‌రే లేజర్ యాక్సిలరేటర్ ఎల్‌సీఎల్‌ఎస్-2 కావిటీలకు మీటరుకు 16 మెగావోల్టుల దగ్గర పెట్టుకున్న లక్ష్యం అదే. అప్పుడు ఒక్కో కావిటీలో పుట్టే వేడి దాదాపు 10 వాట్లు, చిన్న ఎల్ఈడీ బల్బంత. కానీ అంత చలిలోంచి ఒక్క వాటు వేడిని బయటికి తోడాలంటే కంప్రెసర్లకు 700 నుంచి 1000 వాట్ల కరెంటు కావాలి. మైనస్ 18 డిగ్రీల రొయ్యల కోల్డ్ స్టోరేజీకే బిల్లు ఎంతవుతుందో మీ ఊళ్లో అందరికీ తెలుసు. ఇది మైనస్ 271. అందుకే ఒక్క నానోఓమ్‌నూ వదులుకోకూడదు.

డోపింగ్ పద్ధతి ఇది. వాక్యూమ్ ఫర్నేసులో 800 డిగ్రీల దగ్గర 3 గంటలు ఉంచాలి. లోహంలోని హైడ్రోజన్ ఇక్కడే పోవాలి, లేదంటే 100 కెల్విన్ ప్రాంతంలో నెమ్మదిగా చల్లారినప్పుడు హైడ్రైడ్‌లు ఏర్పడి క్యూ కుప్పకూలుతుంది. తర్వాత 25 మిల్లీటార్ ఒత్తిడిలో నైట్రోజన్ 2 నిమిషాలు, దాన్ని తోడేసి అదే వేడిలో 6 నిమిషాలు. చివర్లో ఎలక్ట్రోపాలిషింగ్‌తో 5 మైక్రాన్లు తీసేయాలి. పైన పేరుకున్న నైట్రైడ్ నష్టమే చేస్తుంది, మనకు కావలసింది లోపలికి ఇంకిన నైట్రోజన్. డోపింగ్‌తో క్వెంచ్ పరిమితి (అతివాహకత పోకుండా తట్టుకోగల గరిష్ఠ ఫీల్డ్) దిగుతుందని కూడా గుర్తుంచుకోండి.

అసలు చిక్కు అయస్కాంత క్షేత్రంతో. మన ప్రాంతంలో భూమి క్షేత్రం 400 మిల్లీగాస్ (అయస్కాంత క్షేత్రం కొలమానం) పైమాటే. షీల్డింగ్ పెట్టి 5కి దించినా, అదంతా లోహంలో చిక్కితే డోపింగ్ చేసిన కావిటీలో మిల్లీగాస్‌కు 1 నానోఓమ్ పైనే కలుస్తుంది. 10 కాస్తా 16 అయితే క్యూ 1700 కోట్లకు పడిపోతుంది. వరిమడిలో నీళ్లు ఒక వాలుకి తీస్తే పూర్తిగా పోతాయి, అంతటా ఒకేసారి ఇంకనిస్తే గుంటల్లో నిలుస్తాయి. ఇక్కడా అంతే. నయోబియం అతివాహకంగా మారే 9.2 కెల్విన్ దాటే సమయంలో హీలియం జోరుగా పంపి, కావిటీ కింది నుంచి పైకి వరసగా చల్లబడేలా చూడాలి. రెండు వైపులకీ మధ్య తేడా కొన్ని కెల్విన్లైనా ఉంటే, చల్లబడే అంచు క్షేత్రాన్ని ముందుకు తోసుకుపోతుంది. అలా చేసినా పోకపోతే లోపం కావిటీ చేసిన నయోబియం రేకులో ఉన్నట్టు. 800 బదులు 900 డిగ్రీల దగ్గర అనీల్ చేస్తే గ్రెయిన్లు (లోహంలోని స్ఫటికాలు) పెరిగి క్షేత్రం మీద పట్టు సడలుతుంది, లోహం కాస్త మెత్తబడినా సరే. కావిటీ పక్కన వచ్చే ప్రతి స్టీలు బోల్టునీ బిగించేముందే గాస్‌మీటరుతో చూసుకోండి.

క్యూని పడగొట్టే రెండో కారణం, లోపల మిగిలిన దుమ్ము సంగతి వేరు. బలమైన ఫీల్డ్‌లో దాన్నుంచి ఎలక్ట్రాన్లు ఊడి ఎక్స్‌రేలు పుట్టిస్తాయి. 18 మెగాఓమ్-సెంటీమీటర్ల శుద్ధజలంతో, 100 బార్ల ఒత్తిడి దగ్గర, క్లీన్‌రూములో కడగాలి. తాగే ఆర్వో నీళ్లు దీనికి దరిదాపుల్లోకి రావు.

ఏది కారణమో తేల్చుకోవడానికి ఎక్స్‌రే మానిటరు చూడండి. ఫీల్డ్ పెంచేకొద్దీ ఎక్స్‌రేలు పెరిగి క్యూ పడుతుంటే దుమ్ము. ఎక్స్‌రేలు లేకుండా మొదటినుంచే క్యూ తక్కువుంటే, కావిటీని 10 కెల్విన్ పైకి తెచ్చి మళ్లీ వేగంగా చల్లార్చండి. క్యూ లేచిందంటే చిక్కుకున్నది అయస్కాంత క్షేత్రమే.