పగిలిన ఫాగ్ లైట్ నువ్వే మార్చుకోవచ్చు బిడ్డా

చిరంజీవి బిడ్డకు, పెదనాయన దీవెనలు.

నువ్వు పంపిన నీ కారు ఫొటో చూసిన. కుడి పక్క ఫాగ్ లైట్ అద్దం అడ్డంగ చీలింది, లోపల చెమ్మ కూడా కనబడుతున్నది. దీనికోసం బండిని షెడ్డుల పెట్టి ఆస్పత్రి డ్యూటీకి సెలవు పెట్టే అవసరం లేదు. ఇంటి ముంగట చదునైన జాగల పెట్టుకుని నువ్వే మార్చుకోవచ్చు. చేతికి కొత్త పని కాబట్టి ఒక పూట పెట్టుకో, తొందర పడకు. లైటు వెలగంగనే పని అయిపోయిందని మాత్రం అనుకోకు. ఆ వెలుగు ఎక్కడ పడుతున్నదో గోడ మీద చూసి సరిచెయ్యాలె. చానమంది వదిలేసేది అదే, నేను ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది కూడా అందుకే.

మబ్బులనే నల్లగొండల బయల్దేరి కనగల్ మీదుగ హాలియా పోతవు. పుష్యమాసంల ఆ తొవ్వ ఎట్లుంటదో నీకు తెలుసు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, యాసంగి నాట్లకు దమ్ము చేసిన మళ్లు, తెల్లారగట్ల వాటి మీద మంచు లేచి రోడ్డు మీదికి వస్తది. అప్పుడు హై బీమ్ వేస్తే మంచుల ఉండే సన్న నీటి చుక్కలు ఆ వెలుగును తిప్పి మన కండ్లల్లకే కొడతయి. ముందర తెల్ల దుప్పటి అడ్డం కట్టినట్టయితది. ఫాగ్ లైట్ బంపర్‌ల కిందికి ఉంటది. దాని వెలుగు వెడల్పుగ, నేలబారుగ పోతది, పైకి ఎగజిమ్మదు. దూరం చూపించదు గానీ రోడ్డు అంచు, తెల్ల గీత, దగ్గర్ల ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ చక్రం చూపిస్తది. మన దిక్కు ఎన్నో ట్రాలీలకు వెనక రేడియం స్టిక్కర్ ఉండదు. కోతల కాలంల రోడ్డు మీదనే వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతరు. మంచుల అవి కనబడాలంటే వెలుగు కిందికే పడాలె.

ఇగ సామాను సంగతి. అద్దం చీలినంక బల్బు ఒక్కటే మారిస్తే లాభం లేదు. చీలికల నుంచి నీళ్లు పోయి కొత్త బల్బు కూడా పేలిపోతది, లోపల వెలుగును ముందుకు కొట్టే రిఫ్లెక్టర్ మెరుపు పోతది. చాలా బండ్లకు అద్దం, రిఫ్లెక్టర్ ఒకటిగ అతికించి ఉంటయి, విడదీయరాదు. ఎం-సీల్ పెట్టి నడిపిద్దామనుకోకు, వానాకాలం దాకా ఆగదు. మొత్తం ల్యాంపే తెచ్చుకో.

దుకాణంకు పోయినప్పుడు బండి మోడల్ పేరు, తయారైన సంవత్సరం రెండూ చెప్పు. పేరు ఒకటే అయినా ఏడు మారితే బంపర్ మారుతది, ల్యాంపు కూర్చోదు. కుడి ఎడమలు డ్రైవర్ సీటుల కూర్చున్న మనిషి లెక్కన చెప్పాలె. బండి ముంగట నిలబడి చూస్తే తారుమారు అయితయి, అట్ల తప్పు పక్కది కొనుక్కొచ్చి మళ్లీ తిరిగేటోళ్లు ఎంతోమంది. డబ్బా మీద ఎల్‌హెచ్ అంటే ఎడమ, ఆర్‌హెచ్ అంటే కుడి. మీ ఊర్ల దొరకకపోతే దుకాణమాయననే హైదరాబాద్ నుంచి తెప్పించమను.

బల్బు మొదలు మీద దాని రకం చెక్కి ఉంటది, చూడు. హెచ్8 అయితే 35 వాట్లు, హెచ్11 అయితే 55, హెచ్16 అయితే 19. అన్నీ 12 వోల్టులే, చూపుకు కూడా దగ్గర దగ్గరగనే ఉంటయి. అందుకే వెలుగెక్కువ వస్తదని 19 వాట్ల జాగల 55ది ఎక్కిద్దామనిపిస్తది. వద్దు బిడ్డా. ఆ వేడికి ప్లాస్టిక్ వంకర పోతది, బల్బుకు వైర్లు తగిలించే కప్లర్ మాడుతది. హాలోజన్, అంటే తీగ వేడెక్కి వెలిగే బల్బు కోసం చేసిన ల్యాంపుల ఎల్‌ఈడీ బల్బు దూర్చుడు కూడా నాకు ఇష్టం లేదు. ఆ రిఫ్లెక్టర్ హాలోజన్ తీగ ఎక్కడుంటదో ఆ లెక్కకు వంచింది. వెలుగు పుట్టే చోటు మారితే కిరణాలు చెదిరి పైకి పోతయి. మంచుల నీకే కనబడదు, ఎదురొచ్చే బైకాయనకు కండ్లు మూసుకపోతయి. పసుపా తెలుపా అని అడిగినవు. రంగు కంటే వెలుగు పైఅంచు తెగినట్టు ఉన్నదా లేదా అన్నదే నేను చూస్త.

పని మొదలుపెట్టే ముందు ఇంజన్ బందు చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పు. సాధారణంగ దానికి 10 నంబర్ పానా సరిపోతది. ఇప్పుడే లైటు వేసి ఉంటే బల్బు సల్లారిందాక ఆగు. కుడి ల్యాంపు కాబట్టి స్టీరింగ్ ఎడమకు పూర్తిగ తిప్పితే, చక్రం ముందు భాగం లోపలికి పోయి చెయ్యి పెట్టే సందు దొరుకుతది. స్టీరింగ్ తిప్పినంకనే ఇంజన్ బందు చేసి బ్యాటరీ విప్పు, కొన్ని బండ్లకు ఇంజన్ బందుంటే అది గట్టిగ ఉంటది. జాకీ ఎత్తాల్సిన పని రాదు. ఒకవేళ ఎత్తితే ఒట్టి జాకీని నమ్మి బండి కింద తల పెట్టకు.

చక్రం పైన లోపల నల్ల ప్లాస్టిక్ డొప్ప ఉంటది. దాని ముందు వైపు రెండు మూడు స్క్రూలు, ప్లాస్టిక్ క్లిప్పులు తీస్తే చాలు, మొత్తం ఊడబీకొద్దు. క్లిప్పు నడిమి బొడిపెను సన్న స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి, ఆ తర్వాత క్లిప్పును లాగు. బొడిపె లేపకుండ లాగితే విరుగుతది. డొప్పను వంచి పట్టుకుంటే ల్యాంపు వెనక భాగం కనబడుతది. కప్లర్‌కు చిన్న నాలుక ఉంటది, దాన్ని నొక్కి కప్లర్ పట్టుకుని లాగు, వైర్లు పట్టి లాగకు. కొన్ని బండ్లకు ముందు వైపు బంపర్ జాలీ తీస్తేనే ల్యాంపు స్క్రూలు అందుతయి, నీ బండి పుస్తకంల బొమ్మ ఉంటది, చూసుకో. పగిలిన అద్దం పెంకులు లోపల రాలి ఉంటయి, చేతికి గ్లౌజు వేసుకో.

కొత్త ల్యాంపుల బల్బు లేకుంటే, పాత బల్బును ఎడమకు పావు వంతు తిప్పితే ఊడుతది. నీళ్లు తాకిన బల్బు వద్దు, కొత్తదే పెట్టు. దాని గాజును వేళ్లతో ముట్టకు. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై గాజు తొందరగ పోతది. ముట్టినవనుకో, స్పిరిట్ అద్దిన బట్టతో తుడువు, అది నీ ఆస్పత్రిల దొరికేదే. కప్లర్‌ల పచ్చటి చిలుము ఉంటే గీకి శుభ్రం చెయ్యి.

కొత్త ల్యాంపు పాతదాని జాగల బిగించి, కప్లర్ పెట్టి, బ్యాటరీ వైరు మళ్లీ తగిలించు. డొప్ప బిగించే ముందు లైటు వేసి చూడు. చాలా బండ్లల పార్కింగ్ లైట్లు వేస్తేనే ఫాగ్ లైట్ వెలుగుతది. రెండు పక్కలా వెలగకపోతే ఫ్యూజ్ చూడు: 10 యాంపులది ఎర్రది, 15 నీలం, 20 పసుపు. ఏ రంగుది పోతే ఆ రంగుదే పెట్టాలె. ఒక పక్కనే వెలగకపోతే బల్బో, కప్లరో, ఎర్త్ వైరో పోయిందని అర్థం.

ఇగ గోడ పని. టైర్లల గాలి సరిచూసుకుని, పొద్దుగూకినంక చదునైన చోట గోడకు ఎదురుగ, ల్యాంపుకు గోడకు 25 అడుగుల దూరం ఉండేటట్టు బండి పెట్టు. నేల నుంచి ల్యాంపు నడిమి వరకు టేపుతో కొలిచి, అంతే ఎత్తున గోడ మీద సుద్దతో గీత గియ్యి. దానికి 4 అంగుళాల కింద ఇంకో గీత. వెలుగు పైఅంచు ఆ కింది గీత మీద ఆగాలె. ల్యాంపు పక్కన సర్దే స్క్రూ ఉంటది, కొద్ది కొద్దిగ తిప్పు, తిప్పినప్పుడల్లా గోడ చూడు. రెండో పక్క ల్యాంపు కూడా అదే గీతకు తెచ్చుకో, పాతది ఎప్పుడో కదిలి ఉంటది.

మంచు విడిచినంక ఫాగ్ లైట్ ఆర్పెయ్యి. తడి రోడ్డు మీద దాని వెలుగు ఎదురుగ వచ్చేటోళ్ల కండ్లల్లకు ఎగురుతది. మంచుల పోతూ పోతూ నాలుగు ఇండికేటర్లు వేసుకోకు, నువ్వు ఎటు తిరుగుతవో వెనకోనికి తెల్వదు. అవి బండి ఆపినప్పటికే.

సామాను కొనే ముందు బల్బు మొదలు మీది అంకెల ఫొటో ఒకటి పంపు, చూసి చెప్త.

ఇట్లు,
మీ పెదనాయన