కారులో వెళ్లి చూడాల్సిన అందమైన రోడ్డు ప్రపంచంలో ఒక్కటే చెప్పమంటే, ఏది?

నన్నడిగితే ఆస్ట్రేలియాలోని గ్రేట్ ఓషన్ రోడ్. విక్టోరియా రాష్ట్రంలో టోర్కీ నుంచి ఆలన్స్‌ఫోర్డ్ దాకా సుమారు 240 కిలోమీటర్లు ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు దాదాపు 3,000 మంది 1919 నుంచి 1932 వరకు పలుగూ పారా పట్టి కొండ అంచుల్ని తొలిచి ఈ రోడ్డు వేశారు. చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకార్థం కట్టిన రోడ్డు ఇది. ఆ సంగతి తెలిసి వెళ్తే ప్రతి మలుపూ వేరేగా కనిపిస్తుంది.

మెల్‌బోర్న్ వైపు నుంచే బయల్దేరండి. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి సముద్రం మీ పక్కనే ఉంటుంది, వ్యూపాయింట్ల దగ్గర ఆగడమూ తేలిక. లోర్న్, అపోలో బే మధ్య భాగం నాకు అన్నిటికన్నా ఇష్టం: ఒక పక్క నిట్టనిలువు కొండ, రెండో పక్క కింద విరుగుతున్న అలలు. తర్వాత రోడ్డు ఆట్వే అడవిలోకి తిరుగుతుంది.

అందరూ వెళ్లేది ట్వెల్వ్ అపోసల్స్ కోసం. సముద్రం సున్నపురాయి తీరాన్ని కోసేయగా మిగిలిన స్తంభాలివి. కోత ఇంకా ఆగలేదు, 2005లో ఒకటి కళ్లముందే కూలిపోయింది. పైనుంచి ఫొటో తీసుకుని వచ్చేయకండి. పక్కనే గిబ్సన్ స్టెప్స్ తెరిచి ఉంటే కిందికి దిగండి, ఇలాంటి స్తంభాల ఎత్తు ఇసుకలో నిలబడితేనే తెలుస్తుంది.

వీలైతే ఒక రాత్రి దారిలోనే ఉండండి. చీకటి పడ్డాక కంగారూలు రోడ్డుకి అడ్డం వస్తాయి, ఆ వేళ డ్రైవింగ్ వద్దు.