గుర్రాల యుద్ధం ఉన్న పాత ఆయిల్ పెయింటింగ్: విక్టోరియా కాలానిదేనా, శుభ్రం చేయించవచ్చా?

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర పెద్ద ఆయిల్ పెయింటింగ్ కొన్నానన్నారు. బూడిదరంగు గుర్రాల మీద ఎర్రకోటు సైనికులు ఎదురుగా దూసుకొస్తున్నారని, సంతకం లేదని, బాగా నల్లబడిందని రాశారు. అది అసలుదేనా, తుడిపించి హైదరాబాద్ పంపించవచ్చా అని అడిగారు. ముందు ఒక్కటే చెబుతానండీ, తుడిపించే ఆలోచన ప్రస్తుతానికి ఆపండి.

నేను లీడ్స్‌లో ఉంటాను. ఆరేళ్ల కిందట ఇక్కడి ఒక చిన్న వేలంపాటలో అచ్చం మీరు చెప్పినలాంటి బొమ్మే కొన్నాను. ఫ్రేము వదులైందని ఒక షాపులో ఇస్తే, "పైన మురికి కూడా తీసేస్తాం" అన్నారు. సరే అన్నాను. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఎడమ చివరి గుర్రం డెక్కల కింద లేచిన దుమ్ము లేదు! మురికి అనుకుని ఆ దుమ్మునే తుడిచేశారు. అక్కడ అడుగున వేసిన గోధుమరంగు పూత బోసిగా కనిపిస్తోంది. గుర్రం నేల మీద లేనట్టు, ఊరికే గాల్లో వేలాడుతున్నట్టు ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత చూపించిన కన్జర్వేటర్, అంటే పాత చిత్రాల్ని కాపాడి బాగుచేసే నిపుణురాలు, చెప్పాకే నాకు సంగతి అర్థమైంది. పొగ, దుమ్ము, గుర్రం నోటి నురగ లాంటివి చిత్రకారులు తరచూ ఆఖర్న పల్చటి పొరలుగా వేస్తారు. పసుపెక్కిన వార్నిష్‌ను కరిగించే ద్రావకం అజాగ్రత్తగా వాడితే ఆ పొరల్ని కూడా కరిగించేస్తుంది. ఆవిడ మాత్రం దూది పుల్లతో, గోరంత చోట, ఒక మూల పరీక్షించి చూశాకే పని మొదలుపెట్టారు. కొన్నిచోట్ల ఉమ్మితో తడిపిన దూది వాడారు. మురికి తీయడానికి అది చాలా పాత పద్ధతేనట. పోయిన పొర తిరిగి రాదు, దాని చోట రంగు కలిపి సరిదిద్దారు, అంతే. అలాంటి మనిషి కావాలంటే బ్రిటన్‌లో ఇలాంటి నిపుణుల సంస్థ ఐకాన్ నడిపే కన్జర్వేటర్ల రిజిస్టర్‌లో వెతకండి.

ఇక కాలం సంగతి. బొమ్మను జాగ్రత్తగా వెనక్కి తిప్పండి. కాన్వాసును చెక్కకు బిగించినవి చిన్న ఇనుప మేకులా, స్టేపుల్ పిన్నులా? పిన్నులైతే బొమ్మే ఈమధ్య కాలంలోదో, లేదా ఈమధ్య మళ్లీ బిగించారో అనుకోవాలి. మేకులు తుప్పుపట్టి చుట్టూ గుడ్డ గోధుమరంగుకు తిరిగితే మంచి గుర్తు. చెక్క చట్రం నాలుగు మూలల్లో చిన్న కట్టె చీలికలు ఉన్నాయేమో చూడండి, కాన్వాసు వదులైనప్పుడు బిగించడానికి పెట్టేవి. కాన్వాసు అమ్మిన కంపెనీ ముద్ర ఉంటే మీ అదృష్టం. విన్సర్ అండ్ న్యూటన్ 1832లో మొదలైంది. ఇలాంటి కంపెనీలు ముద్రలో అడ్రసు కూడా వేసేవి, అది మారిన తేదీలను బట్టి కాలం అంచనా వేస్తారు.

తర్వాత భూతద్దం తీసుకోండి. మన ఇళ్లల్లో పాత రవివర్మ పటాలు చూసే ఉంటారు కదా, రాతి అచ్చుతో తీసిన ఓలియోగ్రాఫులు. ఇంగ్లండ్‌లోనూ యుద్ధాల బొమ్మల్ని అలాగే అచ్చువేసి, ఆయిల్ పెయింటింగ్‌లా కనిపించాలని పైన వార్నిష్ పూసి అమ్మారు. దగ్గరగా చూస్తే గుర్రం చెంప మీద సన్నటి చుక్కలు కనిపిస్తాయి. చేత్తో వేసినదైతే కుంచె గీతలే ఉంటాయి.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి, టోపీలు ఎత్తైన ఎలుగుబంటి చర్మానివైతే, మీది కూడా నాది లాంటి నకలే కావచ్చు. మూలం 1881 నాటి 'స్కాట్లండ్ ఫరెవర్'. వేసినావిడ ఎలిజబెత్ థాంప్సన్, పెళ్లయ్యాక లేడీ బట్లర్. 1879లో లండన్‌లోని పేరున్న చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ సభ్యత్వం ఆవిడకు రెండే ఓట్ల తేడాతో తప్పిపోయింది. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. గుర్రాలు ఎదురొచ్చే తీరు పట్టుకోవడానికి కవాతులో దూసుకొస్తున్న దళానికి ఎదురుగా నిలబడి చూసిన మనిషి ఆవిడ! బొమ్మలోది 1815 జూన్ 18న వాటర్లూలో నెపోలియన్ సైన్యం మీద స్కాట్స్ గ్రేస్ అనే బ్రిటిష్ గుర్రపుదళం చేసిన దాడి. నిజానికి ముందురోజు వానకు నేలంతా బురదై, గుర్రాలు ఆ వేగంతో పరుగెత్తే వీలే లేదు. అయినా లీడ్స్ ఆర్ట్ గ్యాలరీలో ఆ రెండు మీటర్ల బొమ్మ ముందు నిలబడ్డప్పుడల్లా నాకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేస్తాను. ప్రవేశం ఉచితం, లెస్టర్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు.

నా బొమ్మ ఫోటో పట్టుకెళ్లి అక్కడే పోల్చి చూశాను. నా దాంట్లో ఒక గుర్రం కళ్లెం వారు రౌతు చేతిదాకా రాకుండా మెడ మీదే మాయమైపోయింది. వేసినవాళ్లు మసకగా ఉన్న అచ్చు బొమ్మ చూసి, కనిపించనిది ఊహించి వేశారని నాకు అనిపించింది. దాంతో ధర తగ్గింది, నాకు ఇష్టం మాత్రం తగ్గలేదు. నూరేళ్లకు పైనే అయింది, ఎవరో దీపం దగ్గర కూర్చుని ఓపికగా వేసి ఉంటారు.

హైదరాబాద్ పంపే ముందు ఒక్క విషయం ఆలోచించండి. మన దేశంలో 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చిత్రం పురావస్తువు. ఒకసారి అక్కడికి చేరాక అమ్మకానికని మళ్లీ లండన్ తెచ్చుకోవడం కుదరదు. అమ్మే ఉద్దేశం కొంచెమైనా ఉంటే ఇక్కడే వేలం సంస్థకు చూపించండి, చాలామంది ఉచితంగానే అంచనా చెబుతారు.

వీలైతే పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, వెనకభాగం నాలుగు మూలలూ ఫోటో తీసి పెట్టండి. ఎడమవైపు గుర్రం డెక్కల దగ్గర కూడా ఒకటి. మీ దాంట్లో ఆ దుమ్ము ఇంకా ఉందేమో చూడాలని ఉంది.