పాట మధ్యలో ఆగిపోయాక మళ్లీ మైకు ముందు కూర్చోవడం

గుడిలో పాడుతూ చరణం మధ్యలో సాహిత్యం మర్చిపోయి ఆగిపోయానని, అప్పటి నుంచి మైకు చూస్తేనే గుండె దడగా ఉంటోందని మీరు రాశారు. చదవగానే నాకు 12 ఏళ్ల కిందటి మా ఊరి త్యాగరాజ ఆరాధన గుర్తొచ్చింది.

త్యాగరాజు పంచరత్న కీర్తనలు ఐదూ అందరం కలిసి పాడే గోష్ఠిగానం అయ్యాక ఒక్కొక్కరం ఒక్కో కీర్తన పాడాలి. నేను కల్యాణి రాగంలో ‘నిధి చాల సుఖమా’ ఎత్తుకున్నాను. చిన్నప్పటి నుంచి పాడుతున్నదే. దాని చరణంలో నాలుగు ప్రశ్నలుంటాయి, నాలుగూ ‘సుఖమా’ అనే ముగుస్తాయి. ‘గంగాస్నానము సుఖమా’ అయ్యాక రెండో ప్రశ్న వదిలేసి నేరుగా ‘మమత బంధన’లోకి వెళ్లిపోయాను. సగంలో తెలిసింది. తెలియగానే గొంతు ఆగింది, తొడ మీద తాళం వేస్తున్న చేయీ ఆగిపోయింది. మృదంగం ఆయన మాత్రం ఆపలేదు. మూడు, నాలుగు, మూడు, నాలుగు అంటూ ఏడు లెక్కల మిశ్రచాపు తాళం నడుస్తూనే ఉంది. వయొలిన్ వాయించే అక్క నా వైపు చూసి పల్లవి వరస మెల్లగా అందించింది. అది పట్టుకుని ఎలాగో పూర్తి చేశాను. ప్రసాదం కూడా తీసుకోకుండా ఇంటికొచ్చేశాను.

వారం తర్వాత ధైర్యం చేసి రికార్డింగ్ విన్నాను. పాదం దాటేసిన చోట పాట హాయిగా సాగిపోతోంది. ఆ తర్వాత నేను నోరు మూసుకున్న నాలుగైదు ఆవర్తాలే (తాళం చుట్లే) చెవికి గుచ్చుకున్నాయి. చాలా రోజులు ఆలోచించాను. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఒక సంగతి, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే వరసల్లో ఒకటి, జారితే చాలు, ఆపేసి మళ్లీ మొదటి నుంచి పాడేదాన్ని. ఏళ్ల తరబడి అదే పద్ధతి. తప్పు పడగానే ఆగడం నాకు అలా సాధనలోనే అలవాటైంది. వేదిక మీద చేయి తనకు తెలిసిన పనే చేసింది.

అప్పటి నుంచి వారానికి రెండు రోజులు ఆపకుండా పాడే సాధన పెట్టుకున్నాను. శ్రుతిపెట్టె పెట్టుకుని, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, ఏం జరిగినా చేయి ఆపకుండా చివరిదాకా పాడతాను. మాట గుర్తు రాకపోతే ‘ఆ’ అంటూ అకారంతో ఆ వరస నింపేస్తాను. సంగతి జారితే దాన్ని అక్కడే వదిలేసి తర్వాతి సంగతికి వెళ్తాను. దిద్దుకోవడం మర్నాడు. మొదట్లో ఇది చాలా కష్టం, వెనక్కి వెళ్లి సరిచేయాలని ప్రాణం కొట్టుకుంటుంది.

రెండోది, పాటను ఎక్కడి నుంచైనా ఎత్తుకోగలగాలి. నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని ‘రెండో చరణం మూడో పాదం’ అని అడుగుతుంటాను. మొదటి నుంచి పాడుకుంటూ వస్తే తప్ప ఆ పాదం రాకపోతే, ఆ పాట ఇంకా వాళ్లది కానట్టే. సాహిత్యం మర్చిపోతే పల్లవికి చేరుకోవడం కూడా వాళ్ల చేత కావాలనే చేయిస్తాను. పంచరత్నాల్లో ఒకటైన ‘సాధించెనే’లో ప్రతి చరణం తర్వాత ‘సమయానికి’ దగ్గరికి తిరిగి వస్తాం కదా, అలాంటి చోటు ప్రతి కీర్తనలోనూ ఒకటి గుర్తు పెట్టుకోవాలి.

పుస్తకం ఎదురుగా పెట్టుకోవడం తప్పని నేననను. కానీ టెన్షన్‌లో ఉన్నప్పుడు నిండు పేజీలో కన్ను పాదాన్ని వెతుక్కునేలోపు తాళం దాటిపోతుంది. ఒక చిన్న కాగితం మీద ప్రతి పాదంలో మొదటి మాట మాత్రం పెద్ద అక్షరాలతో రాసుకోండి.

పాటకు ముందు పక్కవాద్యాల వాళ్లతో రెండు నిమిషాలు కూర్చుని రాగం, తాళం, ఎత్తుగడ (తాళంలో పాట ఎక్కడ మొదలవుతుందో) చెప్పండి. ‘నాకు ఈ చరణం దగ్గర కాస్త భయం’ అని కూడా చెప్పండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. వాళ్లు మిమ్మల్ని మోసుకుపోవడానికే అక్కడున్నారు, తలెత్తి వాళ్ల వైపు చూస్తే చాలు. ఇంకో మాట, భయంలో కాలం, అంటే పాట నడక, పరిగెడుతుంది. పల్లవి మొదటి పాదాన్ని మనసులో రెండుసార్లు అనుకుని, అనుకున్నదానికంటే ఒక పిసరు నెమ్మదిగా మొదలుపెట్టండి.

కొత్త పాటతో కాకుండా ఆగిపోయిన ఆ పాటతోనే మళ్లీ కూర్చోండి, ముందు ఇంట్లోవాళ్ల ఎదుట, తర్వాత ఏదైనా భజనలో. అది ఏ కీర్తనో, ఏ పాదం దగ్గర ఆగారో రాస్తే, అక్కడి నుంచి పల్లవికి ఎలా రావచ్చో నాకు తోచింది చెబుతాను.